వారంటు లేని పరిశోధకురాలు

ఒక ఇంగ్లిష్ పల్లెలో పెద్దింటివారి గ్రంథాలయం. తెల్లవారేసరికి అక్కడ ఎవరికీ తెలియని ఒక యువతి శవం పడి ఉంటుంది. పోలీసులు వస్తారు, డాక్టరు వస్తాడు, గొంతు బిగించి చంపారని తేలుతుంది, ప్రాణం పోయిన వేళను సుమారుగా లెక్కకడతారు. ఆ ఇంటి ఇల్లాలు మాత్రం ఊళ్లోనే ఉండే వయసు మళ్లిన స్నేహితురాలిని పిలిపిస్తుంది. ఆ వచ్చినావిడ చూపు రెండు విషయాల దగ్గర ఆగిపోతుంది: ఆ అమ్మాయి గోళ్లు కొరికి కొరికి కురచబడి ఉన్నాయి, ఒంటి మీద ఉన్న గౌను పాతది. అగాథా క్రిస్టీ 1942లో ప్రచురించిన ‘ది బాడీ ఇన్ ది లైబ్రరీ’ నవలలో రహస్యం చాలావరకు ఈ రెండింటి చుట్టూనే తిరుగుతుంది. పోలీసులు గోళ్లను, గౌనును చూడకపోలేదు. వాటిని దేనితో కలిపి చదవాలో వాళ్లకు తోచలేదు. హోటల్లో నాట్యం చేసి బతికే పిల్ల తనకు ముఖ్యమైన మనిషిని కలవడానికి వెళ్తూ ఉన్నవాటిలో మంచి బట్టలు కాక పాత గౌను తొడుక్కుంటుందా అన్న ప్రశ్న ఆ స్నేహితురాలికి, అంటే మిస్ మార్పుల్‌కు, మాత్రమే వస్తుంది. ఆ ప్రశ్న పుట్టడానికి నేరశాస్త్రం అక్కర్లేదు, పదిమంది ఆడపిల్లలు పెరుగుతుండగా దగ్గరుండి చూసిన కళ్లు కావాలి.

1930లో లండన్‌లోని డిటెక్టివ్ రచయితలు డిటెక్షన్ క్లబ్ అనే సంఘం పెట్టుకున్నారు. కొత్తగా చేరేవారు ఒక ప్రమాణం చేయాలి. తమ కథల్లోని పరిశోధకులు దైవవాణి మీదా మంత్రతంత్రాల మీదా కాకతాళీయం మీదా ఆధారపడరాదని చెప్పే ఆ ప్రమాణంలో, నిషిద్ధమైన వాటి సరసనే, ఆడవాళ్లకు ఊరికే తోచే ఊహ అన్నది కూడా ఉంది. సగం సరదాకి రాసుకున్న ప్రమాణమే అనుకోవచ్చు. క్రిస్టీ, డోరతీ సేయర్స్ ఇద్దరూ ఆ సంఘ సభ్యులు, తర్వాతి కాలంలో ఇద్దరూ దానికి అధ్యక్షత కూడా వహించారు. ఈ ఇద్దరూ రాసిన కథలు ఆ నిషేధాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తూనే దాని అడుగున ఉన్న చిన్నచూపును బయటపెడతాయి. ఆడమనిషికి ఏదో అలా తోచిందిలే అని లోకం కొట్టిపారేసే చోట నిజానికి జరిగేది పరిశీలన. ఇల్లూ వాకిలీ, ఇరుగూ పొరుగూ, పెళ్లిళ్లూ చావులూ ఏళ్ల తరబడి గమనిస్తూ పోగుచేసుకున్న అనుభవం నుంచి తీసిన అనుమానం అది. దానికి హోదా లేదు గనుక తర్కంలా కనిపించదు. వృత్తిరీత్యా పోలీసులు గానీ గూఢచారులు గానీ కాని ఆడవాళ్లు నేరాల కూపీ లాగే నవలలన్నీ, వాటిలో మంచివన్నీ, చివరి అధ్యాయంలో ఆ తర్కాన్ని మెట్టుమెట్టుగా విప్పి చూపిస్తాయి. హంతకుడు ఎవరో తెలియడంలో కంటే ఈ విప్పడంలోనే చదువరికి దక్కే ఆనందం ఎక్కువ.

మిస్ మార్పుల్ మొదటిసారి కనిపించింది 1927 డిసెంబరులో ఒక పత్రికలో అచ్చయిన చిన్న కథలో. ఆమె ఇంట్లోనే ఒక సాయంత్రం ఒక రచయిత, ఒక చిత్రకారిణి, స్కాట్లండ్ యార్డ్ మాజీ కమిషనర్, ఒక మతాచార్యుడు, ఒక న్యాయవాది కూర్చుని, వారానికి ఒకరు చొప్పున తమకు తెలిసిన చిక్కుముడి ఒకటి చెప్పాలని, మిగతావాళ్లు దాన్ని విప్పాలని అనుకుంటారు. లెక్కపెడితే ఐదుగురే తేలతారు. మూల కూర్చుని అల్లిక పని చేసుకుంటున్న ఇంటావిడను ఎవరూ లెక్కలోకి తీసుకోరు, తనను మరిచిపోయారని ఆమే గుర్తుచేయాల్సి వస్తుంది. ఆ వారం చెప్పిన విషప్రయోగం కథను కమిషనర్ గారి అనుభవం గానీ లాయరుగారి చట్టజ్ఞానం గానీ విప్పలేదు. వంటింట్లో ఏ పదార్థం ఎలా తయారవుతుందో, భోజనాల బల్ల దగ్గర ఎవరు ఏది తింటారో ఎవరు ఏది పక్కన పెడతారో తెలిసినావిడ విప్పింది. తర్వాత వచ్చిన పన్నెండు నవలల్లోనూ పద్ధతి ఇదే. ప్రతి అనుమానితుడూ ఆమెకు తమ ఊళ్లోని ఎవరో ఒకరిని గుర్తుచేస్తాడు: చిల్లర మిగుల్చుకునే దుకాణం కుర్రాడినో, పనిమనిషి మీద తప్పు తోసేసిన ఇల్లాలినో. వినేవాళ్లకు అది ముసలితనపు చాదస్తంలా ఉంటుంది. చదువరి మాత్రం రెండు మూడు కథలు గడిచేసరికి ఆ చాదస్తాన్ని జాగ్రత్తగా వినడం నేర్చుకుంటాడు, ఎందుకంటే ఆధారం ఎప్పుడూ అక్కడే దాగి ఉంటుంది.

ఈ పద్ధతికి ఒక లోపమూ ఉంది. మనుషులు రకాలుగా పుడతారని, ఏ రకం వాళ్లు ఎలా ప్రవర్తిస్తారో ముందే చెప్పవచ్చని అది నమ్ముతుంది. పైన చెప్పిన గౌను సంగతిలోనే, ఫలానా తరగతి పిల్లలు ఇలాగే ముస్తాబవుతారన్న వర్గ దృష్టి బాగా కనిపిస్తుంది. పనివాళ్ల గురించి, పరదేశీయుల గురించి ఆ కాలపు నవలల్లో దొర్లే మాటలు ఇవాళ చదివితే చివుక్కుమంటాయి. వాటిని చూసీ చూడనట్టు దాటవేయాల్సిన అవసరం లేదు. ఊరి మనుషులందరినీ అంత సూక్ష్మంగా చదివే కళ్లకు తమ అంతస్తు మాత్రం కనిపించలేదన్నది ఆ సాహిత్యం గురించి తెలుసుకోవలసిన విషయాల్లో ఒకటి.

అధికారం లేకపోవడం ఈ కథలకు ఇంధనం. పోలీసు అధికారి తలుపు తట్టగానే ఇంటివాళ్లు సర్దుకుంటారు, మాటలు కుదించుకుంటారు, వాంగ్మూలం ఇస్తున్నామని గుర్తుంచుకుంటారు. పక్కింటావిడ వస్తే టీ పెడతారు. ఆమె దగ్గర వారంటు లేదు, ఎవరినీ పిలిపించలేదు, ఎవరినీ నిర్బంధించలేదు, అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పి తీరాలని పట్టుబట్టనూ లేదు. ఆమెకు మిగిలింది కబుర్లే. కబుర్లలో మనుషులు ఎంత నిజం చెబుతారో విచారణలో అంత చెప్పరు, అబద్ధం చెప్పినా కబుర్లలో చెప్పిన అబద్ధానికి అతుకు సరిగా పడదు. అందువల్ల ఈ నవలల్లో ముఖ్యమైన ఘట్టాలు చాలావరకు సంభాషణలే అయి ఉంటాయి. వాటిని గబగబా తిప్పేసి తర్వాతి శవం ఎక్కడ దొరుకుతుందా అని వెతికే పాఠకుడికి ఈ తరహా నవల చప్పగానే ఉంటుంది.

అయితే కబుర్లతో దొరికిన నిజానికి చట్టం విలువ ఇవ్వాలంటే ఎక్కడో ఒకచోట పోలీసుల సాయం తప్పదు. శవపరీక్ష నివేదిక చూడాలి, చివరికి ఎవరో ఒకరు బేడీలు వేయాలి. ఈ ఇబ్బందిని రచయితలు దాటిన తీరు చూడముచ్చటగా ఉంటుంది. క్రిస్టీ ఒక మాజీ కమిషనర్‌ను స్నేహితుడిగా పెట్టింది. యాన్ పెర్రీ 1979లో మొదలుపెట్టిన విక్టోరియా కాలపు నవలల వరుసలో సంపన్న కుటుంబపు అమ్మాయి షార్లెట్ చివరికి హత్యల విచారణకు వచ్చిన ఇన్‌స్పెక్టర్‌నే పెళ్లాడుతుంది; ఆ పెళ్లితో ఆమె అంతస్తు పడిపోతుంది గానీ, ఇన్‌స్పెక్టర్‌ను హాలు దాటి లోపలికి రానివ్వని ఇళ్లలో ఆమె పుట్టింటి పరిచయాలు పనికొస్తాయి. 1993లో మొదలైన ఎమిలీ బ్రైట్‌వెల్ కథల్లో పరిష్కారం ఇంకా గడుసైనది. విదర్‌స్పూన్ అనే ఇన్‌స్పెక్టరుకు కేసులు పరిష్కరించే చేవ లేదు. ఆయన ఇంటి పెత్తనం చూసే మిసెస్ జెఫ్రీస్, వంటావిడ, మిగతా పనివాళ్లు కలిసి రహస్యంగా కూపీ లాగి, తనంతట తనే కనిపెట్టానని ఆయన అనుకునేలా చేస్తారు. ఏ ఇంట్లో ఏం జరిగిందో ఆ ఇంటి పనివాళ్లకు తెలుస్తుంది, పనివాళ్లు మాట్లాడేది సాటి పనివాళ్లతో. ఈ ఒక్క సంగతి మీద పదుల సంఖ్యలో పుస్తకాలు నిలబడ్డాయి.

చరిత్రలోకి కాస్త వెనక్కి వెళ్తే సాహిత్యం జీవితం కంటే ముందు నడిచిందని తెలుస్తుంది. ఆడ డిటెక్టివ్‌ను కథానాయికగా పెట్టిన రెండు పుస్తకాలు 1864లోనే లండన్‌లో వెలువడ్డాయి, లండన్ మెట్రోపాలిటన్ పోలీసు శాఖలో ఆడవాళ్లు గస్తీకి దిగింది 1919లో. అయితే ఆ 1864 కథల్లోని వాళ్లు జీతానికి పనిచేసేవాళ్లు. జీతం లేకుండా, కేవలం కుతూహలం కొద్దీ కలగజేసుకునే పెళ్లికాని పెద్దావిడ రూపుదిద్దుకున్నది అమెరికాలో. ఆనా కాథరిన్ గ్రీన్ 1897లో రాసిన ‘దట్ అఫేర్ నెక్స్ట్ డోర్’ నవలలో అమీలియా బటర్‌వర్త్ అర్ధరాత్రి కిటికీలోంచి పక్కింటికి వచ్చినవాళ్లను చూడటంతో కథ మొదలవుతుంది. తాను ఇతరుల విషయాల్లో తలదూర్చే మనిషిని కానని ఆమె పాఠకులను పదేపదే నమ్మించబోతుంది. ఆమె మాటను ఆమె చేతలే కాదంటుంటే కలిగే హాస్యం నూట పాతికేళ్ల తర్వాత కూడా తాజాగానే ఉంది.

మొదటి ప్రపంచ యుద్ధం ఈ పాత్రకు కొత్త బరువు ఇచ్చింది. 1921 జనాభా లెక్కల్లో ఇంగ్లాండు, వేల్స్‌లలో మగవాళ్ల కంటే ఆడవాళ్లు సుమారు 17 లక్షలు ఎక్కువగా తేలారు. పత్రికలు వాళ్లను మిగులు స్త్రీలని రాశాయి. పెళ్లి కాకుండా, పెద్ద ఉద్యోగాలకు చదువు లేకుండా, చిన్న ఆదాయంతో అద్దె గదుల్లో కాలం గడిపే ఆ స్త్రీలు అప్పటి హాస్య రచయితలకు లోకువ. సేయర్స్ 1927లో ‘అన్‌నేచురల్ డెత్’ నవలలో మిస్ క్లింప్సన్ అనే పాత్రను తెచ్చి ఆ వెటకారాన్ని తలకిందులు చేసింది. ఇలాంటి ఆడవాళ్ల తెలివీ కుతూహలమూ దేశం వృథా చేస్తోందని కథానాయకుడు లార్డ్ పీటర్ గ్రహించి, ఆమెకు జీతమిచ్చి ఆరా తీసే పని అప్పగిస్తాడు. జీతం తీసుకుంది గనుక మిస్ క్లింప్సన్‌ను ఔత్సాహికురాలు అనవచ్చా అన్న సందేహం వస్తే రావచ్చు. ఆమె పనిచేసే తీరు మాత్రం అచ్చంగా ఆ కోవదే. 1930లో వచ్చిన ‘స్ట్రాంగ్ పాయిజన్’లో ఇంకో మెట్టు ఎక్కించింది. ప్రియుడికి ఆర్సెనిక్ పెట్టి చంపిందన్న నేరం మీద హారియెట్ వేన్ అనే రచయిత్రి బోనులో నిలబడి ఉంటుంది. జ్యూరీలో మిస్ క్లింప్సన్ ఉంటుంది, నేరం రుజువైందని ఒప్పుకోదు, జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేక కేసు వాయిదా పడుతుంది. బ్రిటన్‌లో ఆడవాళ్లు జ్యూరీలో కూర్చోవడానికి వీలు కల్పించిన చట్టం 1919 నాటిది. పదేళ్లు దాటీ దాటని ఒక హక్కు ఒక ప్రాణాన్ని ఉరికంబం నుంచి వెనక్కి లాగే తాడుగా కథలోకి ఒదిగిపోయింది. సేయర్స్ దాని గురించి ఉపన్యాసం ఇవ్వదు, ఇవ్వాల్సిన పనీ లేదు.

ఆరా తీయడానికి తీరిక కావాలి, తీరికకు డబ్బు కావాలి. ఈ కథల్లోని ఆడవాళ్లు ఎవరెవరో వరుసగా చూస్తే ఈ సంగతి బోధపడుతుంది: కొద్దిపాటి ఆస్తి ఉన్న అవివాహితలు, విధవరాళ్లు, వారసత్వం కలిసొచ్చినవాళ్లు, సన్యాసినులు. ఎలిజబెత్ పీటర్స్ 1975లో సృష్టించిన అమీలియా పీబడీ తండ్రి ఆస్తి చేతికొచ్చాకే ఈజిప్టుకు బయల్దేరుతుంది. కెరీ గ్రీన్‌వుడ్ 1989లో మొదలుపెట్టిన 1920ల మెల్బోర్న్ కథల్లో ఫ్రైనీ ఫిషర్ కుటుంబానికి సంపద, బిరుదు దక్కింది యుద్ధంలో అసలు వారసులు చనిపోవడం వల్ల. ఇంట్లో చంటిపిల్లలు, అత్తమామలు, మూడు పూటలా వంట ఉన్న మనిషి ఈ నవలల్లో నాయికగా అరుదుగా కనిపిస్తుంది. కనిపించినప్పుడు కథ రుచి మారిపోతుంది, ఆ సంగతికి తర్వాత వద్దాం.

ఈ కథల్లో హత్యలు ఎక్కువగా విషంతోనే ఎందుకు జరుగుతాయి అన్న ప్రశ్నకు నెత్తురు కనిపించకూడదన్న మర్యాద ఒక జవాబు. అంతకంటే ముఖ్యమైనది, విషం వంటింటి గుండా, రోగి మంచం పక్కన పెట్టే మందు సీసా గుండా నడుస్తుంది. ఆ దారి ఆడవాళ్లకు కొట్టిన పిండి. 1836లో జేమ్స్ మార్ష్ అనే రసాయన శాస్త్రవేత్త శరీరంలో ఆర్సెనిక్‌ను నమ్మకంగా పట్టుకునే పరీక్ష కనిపెట్టాక, 1851లో బ్రిటిష్ చట్టం ఆర్సెనిక్ కొన్నవాళ్ల పేరు పుస్తకంలో రాయించడాన్ని, తెల్లగా ఉండి పంచదారనో పిండినో తలపించకుండా దానికి మసి గానీ నీలిమందు గానీ కలపడాన్ని తప్పనిసరి చేసింది. అయినా ఈగలను చంపే కాగితాల్లో అది ఉంటూనే వచ్చింది. నీళ్లలో నానబెట్టిన ఈగల కాగితాలు 1889లో లివర్‌పూల్‌లో ఫ్లోరెన్స్ మేబ్రిక్ విచారణలో ప్రధాన సాక్ష్యమయ్యాయి. అవి ముఖానికి రాసుకునే లేపనం కోసమని ఆమె చెప్పుకుంది. ఇలాంటి నేపథ్యం తెలిసి చదివితే ఆ కాలపు కథల్లో మందుల షాపు పద్దు పుస్తకానికి అంత ప్రాధాన్యం ఎందుకో అర్థమవుతుంది. క్రిస్టీ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో టార్కీ ఆసుపత్రి మందుల విభాగంలో పనిచేసి పరీక్ష ప్యాసయినది; 1920 నాటి ఆమె మొదటి నవలలో స్ట్రిక్నిన్ అనే విషం పనిచేసిన తీరు శాస్త్రానికి కట్టుబడి ఉంటుంది.

గత యాభై ఏళ్లలో ఇలాంటి కథలు రాసేవాళ్లు పాత కాలాల వైపు అంతగా మళ్లడానికి ప్రయోగశాల ఒక కారణం. స్కాట్లండ్ యార్డ్‌లో వేలిముద్రల విభాగం 1901లో ఏర్పడింది. లెస్టర్ విశ్వవిద్యాలయంలో అలెక్ జెఫ్రీస్ డీఎన్ఏ ముద్రలను గుర్తించే పద్ధతిని 1984లో కనిపెట్టారు, 1988కల్లా ఆ సాక్ష్యం మీద హత్యకేసులో శిక్ష పడింది. ఆ తర్వాత సెల్‌ఫోన్లు, నిఘా కెమెరాలు వచ్చాయి. నేటి హత్యలో పరిశోధకురాలు గ్రహించే సూక్ష్మం ఎంత గొప్పదైనా, ల్యాబ్ రిపోర్టు రెండు రోజుల్లో దాన్ని అనవసరం చేస్తుంది. వర్తమానంలో జరిగే కోజీ మిస్టరీలు (నెత్తురూ హింసా తెర వెనకే ఉండే తేలికపాటి నేరకథలు) అందుకే తరచు ఇన్‌స్పెక్టర్‌ను తెలివితక్కువవాడిగా చూపించాల్సి వస్తుంది, లేదా అతన్ని కథ మధ్యలో ఎక్కడికో పంపేయాల్సి వస్తుంది. 1921లోనో 1431లోనో ఆ బాధ లేదు. అక్కడ మనుషుల మాటా, అలవాటూ, అబద్ధమూ తప్ప వేరే సాక్ష్యం పెద్దగా దొరకదు కాబట్టి మనుషులను చదవగలిగిన మనిషే నిపుణురాలు.

రెండో కారణం మొదటిదాని కంటే లోతైనది. పాత కాలం ఆడమనిషికి గీసిన గీతలు కథకు బిగువునిస్తాయి. మార్గరెట్ ఫ్రేజర్ పేరుతో 1992లో మొదలైన సిస్టర్ ఫ్రెవిస్ నవలలు ఇందుకు చక్కని ఉదాహరణ. పదిహేనో శతాబ్దపు ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఒక చిన్న సన్యాసినుల మఠం. ఫ్రెవిస్ అక్కడ అతిథుల వసతి చూసే బాధ్యతలో ఉంటుంది. మఠాధిపతి అనుమతి లేకుండా గడప దాటకూడదు, అనుమతి దొరికినా తోడు మరో సన్యాసిని లేకుండా వెళ్లకూడదు, రోజుకు ఇన్నిసార్లు ప్రార్థన గంట మోగితే చేతిలో పని వదిలి వెళ్లాలి. అనుమానితుడితో మాట సరిగ్గా అసలు విషయానికి వచ్చేసరికి గంట మోగుతుంది. సాధారణ రచయిత అయితే నాయికను గోడ దూకించేవాడు. ఇక్కడ ఫ్రెవిస్ వెళ్లి ప్రార్థనలో నిలబడుతుంది, ఎందుకంటే ఆమెకు ఆ నియమం మీద నిజమైన నమ్మకం ఉంది. స్తోత్రాల మధ్య ఆమె మనసు విన్న మాటలను తిరగేస్తుంటుంది, దానికి తనను తాను మందలించుకుంటూనే. కట్టుబాటుకూ కుతూహలానికీ మధ్య సాగే ఈ పెనుగులాట హత్య చేసిందెవరన్న ప్రశ్నతో సమానంగా చదువరిని పట్టి ఉంచుతుంది.

సుజాతా మాసీ 2018 నవల ‘ది విడోస్ ఆఫ్ మలబార్ హిల్’ అదే గీతను ఇంకో వైపు నుంచి చూపిస్తుంది. 1921 బొంబాయి. పర్వీన్ మిస్త్రీ తండ్రి న్యాయవాద సంస్థలో పనిచేస్తుంది, ఆడది కాబట్టి కోర్టులో నిలబడి వాదించలేదు. ఒక మిల్లు యజమాని మరణించాక ఘోషాలో ఉన్న ఆయన ముగ్గురు భార్యలు తమ ఆస్తి వాటాలను ధర్మకార్యానికి వదులుకుంటున్నట్టు ఒక కాగితం వస్తుంది. దాని మీది సంతకాలు చూసి పర్వీన్‌కు అనుమానం కలుగుతుంది. ఆ ముగ్గురూ అసలు ఒప్పుకున్నారా అని స్వయంగా అడగడానికి లోపలికి వెళ్లగలిగింది, ఆ నగరంలోని లాయర్లలో, ఆమె ఒక్కతే. హత్య జరిగాక పోలీసులదీ అదే పరిస్థితి, వాళ్లు పరదా ఇవతల ఆగిపోవాలి. కోర్టు తలుపు మూసిన కారణమే జనానా తలుపు తెరిచింది. దీనికి వెనక నిజమైన చరిత్ర ఉంది. 1892లో ఆక్స్‌ఫర్డ్‌లో న్యాయశాస్త్ర పరీక్ష రాసిన మొదటి మహిళ కొర్నీలియా సొరాబ్జీ 1904 నుంచి బెంగాల్ కోర్ట్ ఆఫ్ వార్డ్స్‌లో ఘోషా స్త్రీల ఆస్తి వ్యవహారాలు చూసే హోదాలో పనిచేశారు. దేశంలో ఆడవాళ్లు న్యాయవాదులుగా నమోదు కావడానికున్న అడ్డును తొలగించిన చట్టం 1923లో వచ్చింది. పర్వీన్ పాత్రకు సొరాబ్జీ జీవితం ఒక ప్రేరణ. మాసీ అంతటితో ఆగకుండా, ఆ ముగ్గురు భార్యల మధ్య ఉన్న వయసు, చదువు, అభిమానం తేడాలను విడివిడిగా చూపించింది. పరదా వెనక ఉన్నది ఒకే ముద్దలాంటి బాధిత వర్గం అనిపించకపోవడం ఈ నవలలో మెచ్చుకోవలసిన మొదటి గుణం.

ఇంటి బాధ్యతలున్న నాయిక సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. పర్యావరణ శాస్త్ర ఆచార్యురాలు హరిణి నాగేంద్ర 2022లో ‘ది బెంగళూర్ డిటెక్టివ్స్ క్లబ్’తో మొదలుపెట్టిన కథల్లో కావేరి 1920ల బెంగళూరులో కొత్తగా కాపురానికి వచ్చిన డాక్టరు భార్య. లెక్కలంటే ప్రాణం. ఎప్పుడు చదువుకోవాలి, ఎవరింటికి వెళ్లవచ్చు, ఎవరు చూస్తే ఏమనుకుంటారు అన్న చిన్న చిన్న అడ్డంకులు ఆమె ఆరాను ముందుకో వెనక్కో నెడుతుంటాయి. ఓవిడియా యూ 2017లో రాసిన 1936 నాటి సింగపూర్ కథలో, పోలియో వల్ల కుంటుతూ నడిచే సూ లిన్ తాత్కాలిక గవర్నర్ ఇంట్లో పిల్లను చూసుకునే పనిలో చేరుతుంది. ఆ ఇంటి దొరలు ఆమె వినడం లేదన్నట్టే మాట్లాడుకుంటారు. మిస్ మార్పుల్‌ను వయసు కనపడకుండా చేసినట్టు ఈమెను రంగూ, పనీ, కాలూ కనపడకుండా చేస్తాయి. వలస పాలన గురించి పది పేజీల వివరణ ఇవ్వలేని అవగాహన ఆ ఒక్క ఏర్పాటు ఇస్తుంది.

ఈ తరహాలో నాసిరకం పుస్తకాలకూ కొదవలేదు. పాత కాలపు దుస్తులు తొడిగిన నేటి మనిషిని నాయికగా పెట్టడం అన్నిటికంటే పెద్ద దోషం. 1850లో పుట్టి పెరిగిన మనిషి ఆ కాలపు నమ్మకాల్లో ఒక్కటీ అంటకుండా, ప్రతి విషయంలోనూ ఈనాటి సరైన అభిప్రాయాలతో తిరుగుతుంటే కాలం వట్టి రంగస్థలపు తెర అయిపోతుంది. గీతలు ఆమెను ఆపవు, దాటినందుకు మూల్యమూ ఉండదు. అలాంటప్పుడు కథను వర్తమానంలోనే పెట్టుకోవచ్చు కదా అనిపిస్తుంది. రెండోది లెక్కల చిక్కు. 1984 నుంచి 1996 దాకా సాగిన ‘మర్డర్, షీ రోట్’ టీవీ ధారావాహికలో కాబట్ కోవ్ అనే చిన్న ఊళ్లో జరిగిన హత్యల సంఖ్య మీద అభిమానులే బోలెడు హాస్యమాడారు. దీర్ఘ శ్రేణుల్లో ఇది తప్పదు, అంగీకరించి చదవడమే. పుస్తకం చివర వంటల తయారీ విధానాలు చేర్చే ఆనవాయితీ గురించి చెప్పేదేమీ లేదు. కావలసినవాళ్లకు అదొక అదనం.

ఈ పుస్తకాలు చదివితే మనసు తేలికపడుతుందన్న మాట నిజమే గానీ, ఆ తేలికదనం కింద ఏముందో పాత రచయితలు మరిచిపోలేదు. బ్రిటన్‌లో హత్యకు ఉరిశిక్ష 1965 దాకా అమల్లో ఉంది. అంటే 1930ల నవలలో ఎవరో ఒకరి వైపు వేలు చూపడం అతన్ని ఉరికంబం ఎక్కించడమే. చాలా పుస్తకాలు ఆ క్షణానికి ముందే ఆగిపోతాయి, లేదా హంతకుడు ఆత్మహత్య చేసుకుని అందరి ఇబ్బందీ తీరుస్తాడు. 1937లో సేయర్స్ ‘బస్‌మన్స్ హనీమూన్’లో అలా తప్పించుకోలేదు, తాము పట్టించిన మనిషికి ఉరి పడబోయే రాత్రి లార్డ్ పీటర్ తట్టుకోలేక, ఇప్పుడు తన భార్య అయిన హారియెట్ దగ్గర కూలబడతాడు. మిస్ మార్పుల్ దీనికి పూర్తిగా భిన్నం, దుర్మార్గుడికి శిక్ష పడాలన్న విషయంలో ఆమెకు సంకోచం లేదు. ఊలు దారాలతో కూర్చున్న ఆ ముసలావిడ నిర్దాక్షిణ్యాన్ని గమనించకపోతే ఆమెను సగమే చదివినట్టు.

కొత్తగా చదవబోయేవారికి వరుస గురించిన సందేహం సహజం. మిస్ మార్పుల్ నవలలను ఏ క్రమంలో చదివినా నష్టం లేదు, ఎందుకంటే నవల నుంచి నవలకు ఆమె జీవితంలో పెద్ద మలుపులు రావు. చారిత్రక శ్రేణులకు అది వర్తించదు. షార్లెట్ పెళ్లి, పర్వీన్ గతం, ఫ్రెవిస్ మఠంలో అధికారాలు మారడం వంటివి పుస్తకం నుంచి పుస్తకానికి సాగుతాయి కనుక మొదటి నవలతో మొదలుపెట్టడం మంచిది. చాలామంది చారిత్రక రచయితలు చివర ఒక గమనిక చేరుస్తారు, ఏది జరిగింది, ఏది కల్పన, ఏ తేదీని కథ కోసం జరిపారు అని అందులో చెబుతారు. ఆ గమనికను ముందే తిరగేస్తే హంతకుడి పేరు దొర్లే ప్రమాదం ఉంది. చదివాక మాత్రం వదలకూడదు, నవలలో అతిగా అనిపించిన కట్టుబాటే చాలాసార్లు అక్షరాలా నిజమని తెలిసేది అక్కడే.